రంగురంగులవి తినండి సరే, ఆ రంగు ఎక్కడిదో కూడా చూడండి

రంగురంగుల కూరగాయలు, పళ్లు తినండి అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. మంచి మాటే. చిక్కు ఎక్కడంటే, అది విన్నవాళ్లలో చాలామంది మార్కెట్‌లో ఏది బాగా మెరుస్తుంటే దాన్నే ఏరుకుని తెచ్చుకుంటారు, రంగు ఎంత ముదురుగా ఉంటే అంత బలం అనుకుంటారు. అమ్మేవాళ్లకీ ఈ సంగతి బాగా తెలుసు. మొక్క తన అవసరం కోసం తయారు చేసుకున్న రంగు మన ఒంటికి పనికొస్తుంది. కొనేవాళ్ల కంటికి నచ్చాలని ఎవరో పూసిన రంగు ఒంటిని పాడుచేస్తుంది. ఈ రెండో విషయం చెప్పకుండా మొదటిది మాత్రమే చెబితే సలహా సగమే ఇచ్చినట్టు.

ముందు మొక్క రంగు సంగతి చూద్దాం. ఎండ దెబ్బ నుంచి ఆకుని కాపాడుకోవడానికి, పురుగుల్నీ పక్షుల్నీ పిలవడానికి, లేదంటే దూరం పెట్టడానికి మొక్కలు రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటాయి, మన కంటికి రంగుగా కనిపించేవి అవే. క్యారెట్, గుమ్మడి, చిలగడదుంపల్లో నారింజ రంగు బీటా కెరోటిన్‌ది. మన శరీరం దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, అది చాలకపోతే ముందు రేచీకటి వస్తుంది. టమాటా, పుచ్చకాయల్లో ఎరుపు లైకోపీన్‌ది. ఇదీ కెరోటిన్ కుటుంబంలోదే అయినా దీన్నుంచి విటమిన్ ఎ రాదు, కాబట్టి టమాటా తింటున్నాం కదా అని క్యారెట్ మానేయడం కుదరదు. రంగులు మార్చి మార్చి తినమనడానికి అసలు కారణం ఇదే. ఒక రంగు చేసే పని ఇంకో రంగు చేయదు.

ఆకుపచ్చ దగ్గర చాలామంది పొరపడతారు. ఆకుకూరలో ఉన్నది ఒక్క పచ్చరంగే అనుకుంటారు కానీ ఆ పచ్చదనం వెనక పసుపు, నారింజ రంగులు కూడా దాక్కుని ఉంటాయి. ఆకు ముదిరి పండినప్పుడు పసుపురంగులోకి వస్తుంది చూడండి, అందులో ఆ రంగు చాలావరకు కొత్తగా పుట్టింది కాదు, పైనున్న పత్రహరితం విరిగిపోవడంతో అడుగున ఉన్నది బయటపడింది. అందుకే ముదురు పచ్చ ఆకుకూరల్లో బీటా కెరోటిన్ దండిగా ఉంటుంది, దాంతోపాటు లూటిన్, జియాజాంథిన్ అనే రెండు పదార్థాలు కూడా. ఈ రెండూ మన కంటి రెటీనా మధ్యభాగంలో, అంటే చదవడానికీ మనుషుల ముఖాలు గుర్తుపట్టడానికీ వాడే చోట పేరుకుని, నీలి కాంతిని పీల్చుకుంటాయి. మన శరీరం వీటిని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

నేరేడు, నల్ల ద్రాక్ష, వంకాయ తొక్క, ఊదా క్యాబేజీ రంగు ఆంథోసయనిన్లది. వీటి స్వభావం వంటింట్లోనే చూడొచ్చు. ఊదా క్యాబేజీ ముక్కల్ని వేడినీళ్లలో వేసి ఆ నీళ్లు వడకట్టి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే గులాబీ రంగుకి వస్తుంది, ఇంకోదాంట్లో చిటికెడు తినేసోడా వేస్తే నీలంగా, ఇంకాస్త వేస్తే పచ్చగా మారుతుంది. పులుపు, క్షారం తగిలితే రంగు మారడం ఈ జాతి రంగుల లక్షణం. బీట్‌రూట్ చూడ్డానికి వీటికి చుట్టంలా ఉంటుంది కానీ దాని రంగు వేరే, బీటలెయిన్లది. బీట్‌రూట్ తిన్న మర్నాడు కొంతమందికి మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం పడుతోందని టెన్షన్ పడిపోతారు. దానివల్ల హాని లేదు. బీట్‌రూట్ ముట్టకుండానే అలా వస్తే మాత్రం వెంటనే డాక్టర్‌ని కలవాలి.

తిన్నంత మాత్రాన ఇవన్నీ ఒంటికి పట్టవు. కెరోటిన్లు కొవ్వులో కరిగే రకం, నూనె తోడు లేకపోతే చాలామటుకు అలాగే బయటికి పోతాయి. పచ్చి క్యారెట్ కొరికి తినడం కంటే కొంచెం నూనెలో మగ్గించిన క్యారెట్ నుంచి ఎక్కువ బీటా కెరోటిన్ అందుతుంది. టమాటా కూడా అంతే, నలిగి ఉడికాక కణాల గోడలు పగిలి లైకోపీన్ బయటికొస్తుంది. విటమిన్ సి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అది నీళ్లలో కరిగిపోతుంది, వేడికి పోతుంది, కాబట్టి నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే విటమిన్ సి కూడా వాటితోనే పోయినట్టు. అన్నీ పచ్చివే తినాలనే పట్టుదల, అన్నీ ఉడికించే తినాలనే పట్టుదల, రెండూ అనవసరం. కొన్ని పచ్చిగా, కొన్ని నూనెతో వండి తింటే చాలు.

ఆకుకూరలో పులుపు వేసి ఉడికిస్తే కళ తగ్గి గోధుమ కలిసిన పచ్చలోకి వస్తుంది. పత్రహరితం నడిమధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, పులుపు దాన్ని అక్కడినుంచి తప్పిస్తుంది, అందుకే ఆ రంగు మారడం. కూర పాడైనట్టు కాదు, అందులోని కెరోటిన్లు చాలావరకు అలాగే ఉంటాయి. పచ్చదనం పోకుండా తినేసోడా వేసేవాళ్లున్నారు, దానివల్ల రంగు నిలుస్తుంది గానీ విటమిన్ సి, బి1 నష్టపోతాం. చూడ్డానికి బాగుండటం కోసం సత్తువ పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక్కడే కల్తీ కథ మొదలవుతుంది. మెగ్నీషియం ఖాళీ చేసిన చోట రాగి వచ్చి కూర్చుంటే పచ్చరంగు మళ్లీ తేలుతుంది, ఎంత పులుపు తగిలినా పోదు. పాతకాలంలో యూరప్‌లో పచ్చళ్లు పచ్చగా నిగనిగలాడటానికి రాగి పాత్రల్లో మరిగించేవాళ్లు, రాగి లవణాలు కలిపేవాళ్లు. 1820లో లండన్‌లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి కల్తీలన్నీ పరీక్షించి, పట్టుబడిన వ్యాపారుల పేర్లతో సహా అచ్చువేశాడు. పచ్చళ్లలో రాగి, పిల్లలు తినే మిఠాయిల్లో సీసం ఉన్న ఎర్ర రంగు ఆయన బయటపెట్టిన వాటిలో ఉన్నాయి. రెండు వందల ఏళ్లు గడిచినా రంగు చూసి కొనే అలవాటు మనకి పోలేదు, దాన్ని సొమ్ము చేసుకునే పద్ధతులూ పోలేదు.

మరి రంగులో ఉన్న మంచినంతా తీసి ఒక మాత్రలో పెట్టి మింగితే ఈ గొడవంతా ఉండదు కదా అని అనిపించొచ్చు. శాస్త్రవేత్తలకీ ఒకప్పుడు అలాగే అనిపించింది. కెరోటిన్ ఉన్న కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, ఫిన్లాండ్‌లో 29 వేలకు పైగా పొగతాగే మగవాళ్లని తీసుకుని, వాళ్లలో కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవాళ్లు, ఆస్బెస్టాస్ ధూళిలో పనిచేసినవాళ్లు కలిపి 18 వేల మంది మీద బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చి చేస్తున్న ఇలాంటి పరిశోధనలో కూడా క్యాన్సర్ 28 శాతం ఎక్కువగా కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్‌లో ఉన్నప్పుడు మేలు చేసేది మాత్రలో పెద్ద డోసుగా వచ్చేసరికి, అదీ పొగతాగే ఊపిరితిత్తుల్లో, ఎదురు తిరిగింది. సప్లిమెంట్ డబ్బా మీద కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన అది కూరగాయ కాదు.

యాంటీఆక్సిడెంట్ల, అంటే ఒంట్లో కణాలు దెబ్బతినకుండా ఆపుతాయని చెప్పే పదార్థాల, ప్రచారం కూడా ఇలాంటిదే. ఏ పండులో యాంటీఆక్సిడెంట్ శక్తి ఎంతుందో అంకెలతో ఒక పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ కొన్నేళ్లు తన వెబ్‌సైట్‌లో ఉంచింది. కంపెనీలు ఆ అంకెలు చూపించి జ్యూసులూ పొడులూ అమ్ముకోవడం మొదలుపెట్టాయి, చివరికి 2012లో ఆ శాఖే దాన్ని తీసేసింది. పరీక్షనాళికలో వచ్చిన అంకె మన రక్తంలో ఏం జరుగుతుందో చెప్పదు. ఆంథోసయనిన్లనే తీసుకుంటే, తిన్నదాంట్లో చాలా కొద్ది భాగమే యథాతథంగా రక్తంలోకి వెళుతుంది, మిగతాది పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో పడి వేరే పదార్థాలుగా మారుతుంది. కాబట్టి ఎక్కడిదో ఖరీదైన పండు కోసం వెతుక్కోవడం కంటే దగ్గర దొరికేవాటిలోనే రకాలు పెంచుకోవడం మేలు.

రంగు మీద పడి తెల్లవాటిని చిన్నచూపు చూడటం కూడా తప్పే. ఉల్లి, వెల్లుల్లి, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు పెద్దగా రంగు లేనివే, అయినా వాటి పోషకాలు వాటికున్నాయి. పీచుకి అసలు రంగే లేదు, కానీ కూరగాయలు, పళ్లు తినడంవల్ల వచ్చే లాభంలో పీచుది పెద్ద వాటా. పెద్దవాళ్లు రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పళ్లు, అలాగే 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ 400 గ్రాముల్లో బంగాళాదుంప లెక్కలోకి రాదు.

బంగాళాదుంప దగ్గర ఇంకో మాట. మిగతా అన్నిటిలో పచ్చరంగు మంచిదైతే ఇక్కడ అది హెచ్చరిక. వెలుతురు తగిలిన దుంపకి తొక్క కింద పచ్చదనం వస్తుంది. ఆ పచ్చదనం మామూలు పత్రహరితమే, దానివల్ల ఏ హానీ లేదు. కానీ అదే వెలుతురుకి సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది, అది కంటికి కనపడదు, ఉడికించినా పోదు. కాస్త పచ్చబడితే ఆ భాగం, మొలకలు, కళ్లు లోతుగా చెక్కేసి వాడుకోవచ్చు. దుంపంతా పచ్చబడినా, చేదుగా ఉన్నా పారేయాలి.

ఇక శుభ్రత. కలుషిత ఆహారం అనగానే అందరికీ ముందు పురుగుమందులే గుర్తొస్తాయి. లెక్కలు చూస్తే మాత్రం మనుషుల్ని ఎక్కువగా పడగొడుతున్నవి సూక్ష్మక్రిములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం కలుషిత ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారు, ఆ చావుల్లో మూడో వంతు దాకా ఐదేళ్లలోపు పిల్లలవే. జబ్బుల్లో ఎక్కువ భాగం విరేచనాలే. ఆరోగ్యం కోసం తిన్నదే ముప్పు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో జర్మనీలో ఈ.కోలై బ్యాక్టీరియా వల్ల దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట అనుమానం దోసకాయల మీదికి వెళ్లింది, చివరికి చూస్తే అది పచ్చిగా తిన్న మెంతి మొలకల నుంచి వచ్చింది. విత్తనం పగుళ్లలో దాక్కున్న క్రిమికి మొలకెత్తించే తడి, వెచ్చదనం బాగా కలిసొస్తాయి, పైపైన కడిగితే పోదు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు మొలకల్ని బాగా ఉడికించే తినాలి.

బూజు సంగతి ఇంకా మొండిది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే, కారణం వాటి దాణాలో కలిపిన వేరుసెనగ పిండి అని, దాంట్లో పెరిగిన ఒక బూజు విడిచిన విషమని తేలింది. అదే అఫ్లటాక్సిన్. పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిరప లాంటివి సరిగా ఎండకపోయినా, తడిచోట నిల్వ ఉంచినా ఇది పుడుతుంది. కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం ఇది, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ప్రమాదం ఎన్నో రెట్లు. వంట వేడికి పూర్తిగా పోదు. పల్లీలు వాడేముందు పళ్లెంలో పోసి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పొడి కనిపించినవి ఏరిపారేయండి. నోట్లో వేసుకున్నాక చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. బూజు పట్టిన మెత్తటి పండుని అక్కడికక్కడ కోసేసి మిగతాది తినడం కూడా మంచిది కాదు, కంటికి కనపడని దారాలు లోపలికి పాకి ఉంటాయి.

పురుగుమందుల విషయంలో మనం చేయగలిగిందీ ఉంది, చేయలేనిదీ ఉంది. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగితే మట్టి, కొన్ని క్రిములు, పైపైనున్న మందు కొంతవరకు పోతాయి. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు యాపిల్ పళ్ల మీద రెండు రకాల మందులు పూసి పరీక్షిస్తే, తినేసోడా కలిపిన నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచినప్పుడు తొక్క మీదున్న మందు పోయింది. కానీ ఒక మందులో 20 శాతం దాకా అప్పటికే తొక్క లోపలికి ఇంకిపోయింది, దాన్ని ఏ కడుగుడూ తీయలేదు. తొక్క తీస్తే కొంత పోతుంది, దాంతోపాటు తొక్కలో ఉన్న రంగూ పీచూ పోతాయి. సబ్బుతో మాత్రం కడగొద్దు, అది పళ్లలోకి ఇంకుతుంది. సేంద్రియం అని రాసి ఉన్నవాటిలో రసాయన మందుల అవశేషాలు తక్కువే గానీ క్రిములకి ఆ లేబుల్‌తో పనిలేదు, వాటినీ అంతే శ్రద్ధగా కడగాలి. కోశాక కాదు, కోయకముందే కడగాలి, లేకపోతే తొక్క మీదున్నది కత్తితోపాటు లోపలికి వెళుతుంది. పచ్చి మాంసం కోసిన పీట మీదే సలాడ్ ముక్కలు కోయడం, వండినది గంటల తరబడి బయట వదిలేయడం, ఈ రెండూ మానేస్తే ఇంట్లో వచ్చే కడుపు జబ్బుల్లో పెద్ద భాగం తప్పించుకోవచ్చు. క్రిములు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. వండాక రెండు గంటల్లోపు తినేయడమో, ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి.

మట్టిలోంచీ నీళ్లలోంచీ మొక్కలోకి ఎక్కిన కాడ్మియం, ఆర్సెనిక్, సీసం లాంటివి కడిగినా పోవు, ఉడికించినా పోవు. ఇలాంటివి చదివి కూరగాయలంటేనే భయం పెట్టుకుని మానేసేవాళ్లున్నారు, అది అన్నిటికంటే పెద్ద నష్టం. భయపడేవాళ్లకి కూడా సరైన దారి రకాలు మార్చడమే. రోజూ ఒకే ఆకుకూర, ఒకే పండు, ఒకే చోటు నుంచి తెచ్చుకుని తింటుంటే దాంట్లో ఏ దోషం ఉన్నా అదంతా ఆ ఒక్క ఒంట్లోనే పేరుకుంటుంది. ఇవాళ ఎరుపు, రేపు పచ్చ, ఎల్లుండి ఊదా, మధ్యలో పప్పుధాన్యాలు, తెల్లవి, ఇలా మారుస్తుంటే ఏ ఒక్క లోహమూ, ఏ ఒక్క మందూ హాని చేసే మోతాదుకి చేరే అవకాశం తగ్గుతుంది. పోషకాల కోసం చెప్పిన రంగుల నియమం కలుషితాల నుంచి కూడా అలా కాపాడుతుంది. అంటే రంగుని వాడుకోవాల్సింది వారంలో ఎన్ని రకాలు తిన్నామో లెక్కపెట్టుకోవడానికి, ఒక్కో కాయ నాణ్యత కొలవడానికి కాదు. మెరుపు చూసి ఏ కాయా మంచిదని చెప్పలేం.

మెరుపుని నమ్మితే ఏమవుతుందో పళ్లలో చూడొచ్చు. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన పండుకి తొక్క అంతా ఒకే తీరు పసుపు వస్తుంది, లోపల కండ గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది. కార్బైడ్‌కి తడి తగిలితే ఎసిటిలిన్ వాయువు విడుదలై పండుని తొందరపెడుతుంది. మార్కెట్‌లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా ఉంటాయి కాబట్టి అది ప్రమాదం. కొలత ప్రకారం ఇథిలిన్ వాయువుతో గదుల్లో మగ్గబెట్టడం దీంతో కలపకూడదు, ఇథిలిన్ పండు తనంతట తాను కూడా విడుదల చేసేదే. పొడుల్లో మోసం ఇంకా సులువు. 2005లో బ్రిటన్‌లో ఒక కారం పొడి సరుకులో సూడాన్ 1 అనే ఎర్ర రంగు దొరికింది. మైనానికీ నూనెలకీ వాడే రంగు అది. ఆ కారం అప్పటికే సాస్‌లలోకి, వాటి నుంచి రెడీమేడ్ వంటకాల్లోకి వెళ్లిపోవడంతో వందల రకాల సరుకుల్ని షాపుల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

పసుపులో జరిగింది దీనికంటే ఘోరం. 1980లలో బంగ్లాదేశ్‌లో వరదకి తడిసి కళ తప్పిన పసుపు కొమ్ములకి మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ రుద్దడం మొదలైంది. రంగు పరిశ్రమలో వాడే పసుపుపచ్చటి పొడి అది, అందులో ఉన్నది సీసం. ఎంత తక్కువైనా ఫర్వాలేదు అనదగ్గ మోతాదు సీసానికి లేదు, అన్నిటికంటే పిల్లల మెదడుని అది ఎక్కువగా దెబ్బతీస్తుంది. కొనేవాళ్లు పసుపుపచ్చగా మెరిసేదే అడుగుతున్నారని వ్యాపారులు ఏళ్ల తరబడి దాన్ని కొనసాగించారు. గ్లాసు నీళ్లలో పసుపు వేసి చూడండి అంటూ తిరిగే ఇంటి చిట్కాలతో సీసం ఉందో లేదో తేల్చుకోలేం, దానికి యంత్రమే కావాలి. 2019లో అక్కడి మార్కెట్ల నుంచి తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం బయటపడింది. పసుపులో సీసం సంగతి పేపర్లకెక్కాక ఆహార భద్రతా అధికారులు హోల్‌సేల్ మార్కెట్‌కి ఎక్స్‌రే యంత్రం పట్టుకెళ్లి, పసుపుని అక్కడికక్కడే పరీక్షించి, దొరికిన సరుకు జప్తు చేసి, అమ్మినవాళ్లకి జరిమానా వేశారు, రంగు మరీ పసుపుపచ్చగా ఉన్నది కొనొద్దని జనానికీ చెప్పారు. 2021 నాటికి నమూనాల్లో సీసం సున్నాకి వచ్చింది, పసుపు మిల్లుల్లో పనిచేసేవాళ్ల రక్తంలో కూడా సీసం దాదాపు 30 శాతం తగ్గింది.